గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి

ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ముఖ్యమంత్రి తాడు లాగారు. తెర రాలేదు.

మళ్ళీ లాగారు. ఈసారి తాడు ఊడి చేతికి వచ్చింది, తెర అక్కడే ఉంది. ఎలక్ట్రీషియన్ స్టూలు వేసుకుని ఎక్కి కొక్కెం తప్పించాడు. తెర వెళ్ళి ముఖ్యమంత్రి భద్రతా సలహాదారు నెత్తిన పడింది. ఆయన దాన్ని తీసి, మడత పెట్టి, పక్క కుర్చీలో పెట్టారు. ఆయన ముప్ఫై ఏళ్ళు పోలీసు శాఖలో పనిచేశారు. చేతికి దొరికినదాన్ని మడత పెట్టకుండా వదలరు.

గోడ మీద ఒక పలక ఉండాలి. రెండున్నాయి. రెండూ ఇత్తడివే, రెండూ ఒకే కొలత, రెండూ ఒకే మనిషి చావు గురించి. పైదాని శీర్షిక ‘గెలిస్తే’. కిందదాని శీర్షిక ‘ఓడితే’.

రెండూ రాసింది నేను. శీర్షికలతో సహా.

ఆ గది ఒకప్పుడు పోలీస్ స్టేషన్ లాకప్. ఇప్పుడు రాష్ట్ర మానవ హక్కుల మ్యూజియం. స్టేషన్ వేరే భవనంలోకి మారాక దీనికి సున్నం వేసి, కటకటాలకు రంగు వేసి, తలుపు దగ్గర టికెట్ల కౌంటర్ పెట్టారు. గోడల మీద ఏం రాయాలో తేల్చే పని నాకు అప్పగించారు. ‘ప్రజల హక్కుల కోసం ఈ గదిలోనే నిర్బంధం అనుభవించిన సీనియర్ పాత్రికేయుడు’ అని ప్రభుత్వ ఉత్తర్వులో ఉంది.

జరిగింది ఇది. ముప్ఫై మూడేళ్ళ క్రితం నిర్బంధ చట్టానికి వ్యతిరేకంగా ఒక ఊరేగింపు తీశారు. నేను వార్త కోసం వెళ్ళాను. వాన పట్టుకుంది. గొడుగు ఇంట్లో ఉండిపోయింది. రోడ్డు పక్కన పోలీసు వ్యాన్ తలుపు తెరిచి ఉంది, లోపల సీటు ఖాళీగా ఉంది. ఎక్కి కూర్చున్నాను. కాసేపటికి ఇంకొందరు ఎక్కారు, వాళ్ళంతట వాళ్ళు కాదు. తలుపు మూశారు. నేను రిపోర్టర్నని కానిస్టేబుల్‌తో చెప్పాను. వ్యాన్‌లో ప్రతివాడూ ఏదో ఒకటి చెబుతున్నాడు కాబట్టి ఆయన నా మాటను కూడా అందులో కలిపేశాడు.

దీన్ని నేను ఎన్నడూ దాచలేదు. సన్మాన సభల్లో మైకు ముందు చెప్పాను. ఎంత నిగర్వి అని చప్పట్లు కొట్టారు. మరీ వివరంగా చెబితే ఇంకా గట్టిగా కొట్టారు. నా మాట నమ్మింది మా ఆవిడ ఒక్కతే.

"గొడుగు గుమ్మంలోనే పెట్టాను. మీరు చూసుకోలేదు. చూసుకుని ఉంటే ఈ రాష్ట్రానికి ఒక ఉద్యమకారుడు తగ్గేవాడు," అంటుంది.

స్టేషన్‌లో మిగతావాళ్ళని వేరే గదుల్లో వేశారు, ఈ గదిలో ముగ్గురం ఉన్నాం. ఒకరు ఊరేగింపు నడిపిన నాయకుడు, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి. రెండోవాడు ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్. మూడోవాణ్ణి నేను, తడిసిన మేజోళ్ళతో.

కంపోజిటర్‌ను ఇంటి దగ్గర పట్టుకొచ్చారు. ఊరేగింపుకు రమ్మని జనానికి పంచిన కరపత్రం ఆయన చేతి మీదుగా అచ్చయింది. కింద సంతకం లేదు. రాసిందెవరో తెలిస్తే ఆ మనిషికి చట్టప్రకారం పదేళ్ళు. ఇన్‌స్పెక్టర్‌కు ఆ పేరు కావాలి.

"చేతిరాత చూసి అక్షరాలు పేరుస్తానండి. మనిషి మొహం చూడను," అన్నాడు కంపోజిటర్.

పక్క గదిలోకి తీసుకెళ్ళారు. తీసుకొచ్చారు. మళ్ళీ తీసుకెళ్ళారు. మూడోసారి ఇద్దరు మోసుకొచ్చి మా ఇద్దరి మధ్య పడుకోబెట్టారు. సాయంత్రం చీకటి పడకముందే ఆయన పోయాడు. మర్నాడు పోలీసుల ప్రకటన వచ్చింది. ఆస్పత్రికి తరలిస్తుండగా అనారోగ్యంతో మృతి.

మా పేపరు ఆ ప్రకటన వేసింది. విడుదలయ్యాక నాయకుడు ఇచ్చిన ప్రకటనా వేసింది. నా కళ్ళ ముందే కొట్టి చంపారని ఆయన అన్నాడు. ప్రతిపక్షంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి సభలో ఆ మాట అన్నాడు. కంపోజిటర్ ఇంటికి వెళ్ళి, ఆయన ఏడేళ్ళ కూతుర్ని ఎత్తుకుని, "నన్ను పెదనాన్నా అని పిలువమ్మా," అన్నాడు. ఆ అమ్మాయి అలాగే పిలిచింది. తర్వాత ఆయన అధికారంలోకి వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ అప్పటికి పెద్ద హోదాలో రిటైరై, పార్టీలో చేరి, తన జిల్లాలో సీట్లన్నీ గెలిపించి పెట్టాడు. ఆయన భద్రతా సలహాదారు అయ్యాడు. కంపోజిటర్ మాట సభల్లో వినపడటం మానేసింది. నేను గమనించాను. గమనించి ఒక సంపాదకీయం రాద్దామనుకున్నాను. ఆలోపు నేనూ రిటైరయ్యాను.

మ్యూజియం పనిలో మొదటి మూడు గోడలు సులువుగానే తెమిలాయి. మా రాష్ట్రంలో మానవ హక్కుల చరిత్రకు, నాయకుల చరిత్రకు వేరువేరు గోడలు అక్కర్లేదు. మొదటి ముఖ్యమంత్రిని పరాయి పాలకులు ఈ లాకప్‌లోనే పెట్టారు. ఆయన బయటికొచ్చి, అధికారం తీసుకుని, వాళ్ళ నిర్బంధ చట్టాన్ని పేరు మార్చి ఉంచుకున్నాడు. ఆ చట్టం కింద రెండో ఆయన్ని ఇక్కడే పెట్టాడు. రెండో ఆయన చట్టం రద్దు చేస్తానని గెలిచి, రద్దు చేసి, ఆరు నెలలకు ఇంకో పేరుతో తెచ్చాడు. ఆ పేరు కింద ఇప్పటాయన్ని, కంపోజిటర్‌ని, పొరపాటున నన్ను పెట్టాడు. ఇప్పటాయన చట్టం జోలికి పోలేదు. లాకప్‌ను మ్యూజియం చేశాడు. నిర్బంధానికి వేరే భవనం ఉంది.

ముగ్గురి ఫొటోలూ ఒకే కొలతలో పెట్టించాను. ముగ్గురూ ప్రతిపక్షంలో ఉండగా తీయించుకున్నవే. వాటిల్లో చూపు బాగుంటుంది.

నాలుగో గోడ కంపోజిటర్‌ది. అక్కడ చిక్కుపడ్డాను.

ఆయన కూతురు ఇప్పుడు సిటీ బస్సులో కండక్టర్. ఒక సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. యూనిఫాం మార్చుకోలేదు. టికెట్ల మిషన్ బల్ల మీద పెట్టి కూర్చుంది.

"గోడ మీద రాతలు నీ చేతిలో ఉన్నాయట కదా, బాబాయ్."

తండ్రితో ఒక పూట ఒక గదిలో ఉన్నందుకు నేను బాబాయినయ్యాను. మా ఆవిడ పిన్ని అయింది.

"ఉన్నాయమ్మా."

"మా నాన్న గురించి ఏం రాస్తున్నావు?"

"అదే చూస్తున్నాను."

"చూడ్డానికేముంది? చూసిందే రాయి." ఆమె బల్ల మీద వేలితో గీసింది. "అమ్మ ఎక్కడ ఏ కాగితం నింపినా భర్త ఎలా పోయాడని అడుగుతారు. అనారోగ్యం అని సర్టిఫికెట్‌లో ఉంది. ఏం జబ్బు అంటారు. గుండా, ఊపిరితిత్తులా? అమ్మ ఏం చెప్పాలి? ఒకసారి జ్వరం అని చెప్పొచ్చింది. వారం రోజులు అన్నం తినలేదు. ఇప్పుడు అమ్మకి చూపు పోతోంది, బాబాయ్. ఒక కన్ను పోయింది. రెండోది ఉండగా ఆ గోడ మీద నిజం కనిపించాలి. అంతకన్నా నాకేం వద్దు."

"రాస్తానమ్మా. కానీ రెండో ఆధారం కావాలి."

"నువ్వు చూశావు కదా?"

"చూశాను."

"మరి?"

"ఇద్దరు చెబితేనే రాయాలని మా పనిలో నియమం. నేను చూసింది నేనే చెప్పి నేనే రాస్తే అది లెక్కలోకి రాదు."

ఆమె నా వంక చూసింది. "బస్సులో ఒకడు టికెట్ లేకుండా నా కళ్ళ ముందు దిగిపోతాడనుకో. ఇంకొకళ్ళు కూడా చూశారా అని బస్సంతా అడగమంటావా?"

మా ఆవిడ టీ తెచ్చింది. "అడుగుతారమ్మా, ఈయనైతే అడుగుతారు. మా పెళ్ళికి ఇద్దరు సాక్షులు సంతకం పెట్టారు. అయినా బయటికొచ్చి, అయినట్టేనా అని గుమాస్తాని అడిగారు."

గుమాస్తాని అడిగిన మాట నిజమే. అయినట్టే అన్నాడు.

"రెండో మనిషి ఉన్నాడుగా, గదిలో," అంది కండక్టర్. "పెదనాన్న. నాకు ఇంటర్వ్యూ ఇవ్వడం లేదు. మూడేళ్ళుగా తిరుగుతున్నాను. గేటు దగ్గర వాళ్ళు ఏమవుతారు అంటారు. పెదనాన్న అవుతారు అంటాను. నవ్వుతారు. నీకైతే ఇస్తారు, వెళ్ళు."

ఇచ్చారు. ముఖ్యమంత్రి గదిలో బల్ల, మూడు ఫోన్లు, ఫైళ్ళు. మూల కుర్చీలో సలహాదారు పేపరు చదువుకుంటున్నాడు. లాకప్‌లో నేను ముఖ్యమంత్రిని అన్నా అన్నాను. ఆఫీసులో సార్ అన్నాను. ఆయన రెండుచోట్లా నన్ను నువ్వే అన్నాడు.

"కూర్చో. మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"నడుస్తున్నాయి సార్. నాలుగో గోడ గురించి వచ్చాను. కంపోజిటర్‌ది."

ఆయన ఫైలు మూసి ఇంకో ఫైలు తెరిచాడు.

"పోలీసులు కొట్టడం వల్ల పోయాడని రాస్తున్నాను. మీరు అప్పట్లో చెప్పారు. ఇప్పుడు కూడా అదే మాటంటే రెండో ఆధారం అవుతుంది."

మూల కుర్చీలో పేపరు తిరగేసిన చప్పుడైంది.

"రాతలో నీకు చెప్పేంతవాణ్ణా నేను?" అన్నాడు ముఖ్యమంత్రి. "ఆ రోజుల గురించి నీకన్నా ఎవరికి తెలుసు చెప్పు? మనస్సాక్షి ఉన్నవాడివి. జైలుకెళ్ళినవాడివి."

"వాన వల్ల సార్."

"చూశావా, అదీ నువ్వు." ఆయన నవ్వి నా చెయ్యి పట్టుకున్నాడు. "చరిత్రని చరిత్రలా రాయి. నా పూర్తి మద్దతు నీకుంటుంది."

గొప్ప ఉత్సాహంతో బయటికొచ్చాను. మెట్లు సగం దిగాక, ఆయన అవునని గాని కాదని గాని అనలేదని గుర్తొచ్చింది. నలభై ఏళ్ళుగా నాయకుల గదుల్లోంచి ఇలాగే బయటికొస్తున్నాను. ఎప్పుడూ ఆ మెట్టు మీదే గుర్తొస్తుంది. పైకి వెళ్ళి మళ్ళీ అడగొచ్చు. లిఫ్టు పనిచేయడం లేదు.

అప్పుడు నాకు తెలిసిన పని నేను చేశాను.

ఓట్ల లెక్కింపు రోజున రిపోర్టర్లు ముందే రెండు వార్తలు రాసి పెట్టుకుంటారు. అభ్యర్థి గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి. పైన ‘గెలిస్తే’ అనో ‘ఓడితే’ అనో రాసి డెస్కుకు ఇస్తారు. ఫలితం వచ్చాక పనికొచ్చేది ఉంచుకుని రెండోది పారేస్తారు, పైనున్న ఆ మాట కొట్టేస్తారు. ఈ పద్ధతి ఎన్నడూ చెడలేదు. ఒక్కసారి మాత్రం మా పేపర్లో ఒకాయనకు ఓడినది అచ్చయింది. గెలిచినాయన అది చదువుకుని ఒక పూటంతా తలుపేసుకుని ఇంట్లో కూర్చున్నాడు.

నాలుగో గోడకు కూడా రెండు రాశాను. ‘గెలిస్తే’ అన్నదాంట్లో కంపోజిటర్ పేరు, వయసు, ఆ తర్వాత: ‘కరపత్రం ఎవరు రాశారో చెప్పమని పోలీసులు పక్క గదిలో మూడుసార్లు కొట్టారు. ఆయన చెప్పలేదు. ఆ దెబ్బలతో ఈ గదిలో చనిపోయారు.’ ‘ఓడితే’ అన్నదాంట్లో అదే పేరు, అదే వయసు, ఆ తర్వాత: ‘ఆస్పత్రికి తరలిస్తుండగా అనారోగ్యంతో మరణించారు.’ ముఖ్యమంత్రి ఖాయం చేస్తే మొదటిది, లేకపోతే రెండోది. రెండూ మ్యూజియం డైరెక్టర్‌కు పంపి ఫోన్ చేశాను.

"రెండూ చాలా బాగున్నాయండి," అన్నాడు డైరెక్టర్.

"రెండూ కాదు. ఏదో ఒకటి ఉంచాలి. ఖాయం చేసుకుని ఉంచండి."

"పైవాళ్ళు చెబుతారు లెండి."

"పైవాళ్ళని మీరు అడుగుతారా?"

"అడిగితే ఎందుకు అడిగావంటారండి. మీరు పెద్దవారు, మీకు తెలియందేముంది."

డైరెక్టర్ రెండూ పైకి పంపాడు. పైన చూసినవాళ్ళు, కింద నిర్ణయమైందనుకుని, ‘చూడడమైనది’ అని సంతకం పెట్టి కిందికి పంపారు. సంతకం ఉంది కాబట్టి డైరెక్టర్ రెండూ పలకల వర్క్‌షాపుకు పంపాడు. వర్క్‌షాపు ఉన్నది ఉన్నట్టు చెక్కింది, శీర్షికలతో సహా. తర్వాత వర్క్‌షాపు యజమానిని అడిగాను.

"ప్రభుత్వం వాళ్ళు ఇచ్చింది ఒక్క అక్షరం మార్చకూడదండి. ఒకసారి మార్చి చాలా ఇబ్బంది పడ్డాను," అన్నాడు.

గోడకు బిగించినవాళ్ళు తెర వేసి వెళ్ళిపోయారు. ప్రారంభం రోజున ఆ తెర నెత్తిన పడేదాకా రెండు పలకలున్నాయని ఆ గదిలో ఎవరికీ తెలియదు. నాకు కూడా తెలియదు. నేను ముందు రోజు వచ్చి మూడు గోడలూ తప్పుల కోసం చదివాను. నాలుగోదానికి తెర ఉంది. తెర ఎత్తి చూడటం మర్యాద కాదనుకున్నాను.

ముఖ్యమంత్రి పలకను చదివి వినిపించాలని కార్యక్రమంలో ఉంది. టీవీల్లో నేరుగా వస్తోంది. ఆయన చొక్కా కాలర్‌కు చిన్న మైకు పెట్టారు. గదిలో పార్టీవాళ్ళు, అధికారులు, విలేకరులు. వెనక వరసలో కండక్టర్, అదే యూనిఫాంలో. సెలవు దొరకలేదు, ట్రిప్పుల మధ్యలో వచ్చింది.

ముఖ్యమంత్రి కళ్ళజోడు పెట్టుకున్నారు. "గెలిస్తే," అని చదివారు.

పార్టీవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి.

ఆయన నా వైపు చూశారు. నేను నేలవైపు చూశాను. ఆపితే టీవీలో తెలుస్తుంది కాబట్టి ఆయన చదివారు. కంపోజిటర్ పేరు చదివారు. వయసు చదివారు. ‘కరపత్రం ఎవరు రాశారో చెప్పమని పోలీసులు పక్క గదిలో మూడుసార్లు కొట్టారు. ఆయన చెప్పలేదు.’ అక్కడ ఆగిపోయారు.

"సార్, కింద ఇంకోటి ఉంది," అంది ముందు వరసలోని టీవీ రిపోర్టర్. "అందులో అనారోగ్యం అని ఉంది. రెండింట్లో ఏది నిజం?"

"రాసినాయన ఇక్కడే ఉన్నారు. చెప్పవయ్యా," అన్నారు ముఖ్యమంత్రి.

కెమెరాలు నా వైపు తిరిగాయి. ఆ ప్రశ్న నేను వేసినవాడినే గాని వేయించుకున్నవాణ్ణి కాదు.

"పైది," అన్నాను. "నేను చూశాను."

"మీరు కాక ఇంకెవరైనా చెబుతున్నారా సార్?" అంది టీవీ రిపోర్టర్. "ఒక్కరు చెబితే మా ఆఫీసులో వేయరు."

ఆమెకు ఆ నియమం నేర్పింది నేనే. నా దగ్గరే రెండేళ్ళు పనిచేసింది.

నేను ముఖ్యమంత్రిని చూపించాను. ఆయన పలకనే చూస్తున్నారు. అప్పుడు వెనక వరస నుంచి కండక్టర్ ముందుకొచ్చింది. బస్సులో దారి చేసుకుని రావడం ఆమెకు అలవాటే. భద్రతవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టేలోపు గోడ దగ్గరికి వచ్చేసింది.

"పెదనాన్నా," అంది.

ముఖ్యమంత్రి తిరిగారు.

"నాన్న పోయాక, విడుదలైన రోజే మీరు వచ్చి అమ్మకి చెప్పారు. కొట్టి చంపారని. నేను మీ ఒళ్ళో ఉన్నాను. అది నిజమా, అబద్ధమా? అబద్ధమైతే చెప్పండి, అమ్మకి చెప్పేస్తాను. ఏం జబ్బో కూడా చెప్పండి."

"నిజమేనమ్మా," అన్నారు ముఖ్యమంత్రి.

రెండో ఆధారం అందింది. నేను రాసుకుందామని జేబులో చెయ్యి పెట్టాను. పెన్ను లేదు. తెర తీయకముందు డైరెక్టర్ సంతకానికి తీసుకున్నాడు.

కండక్టర్ అక్కడితో ఊరుకోలేదు. పలక మీద వేలు పెట్టింది. "నాన్న చెప్పలేదని రాసుంది. చెప్పి ఉంటే ఇంటికొచ్చేవాడు. ఎవరి పేరు చెప్పలేదు, పెదనాన్నా? మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎవరు?"

ఆయన కళ్ళజోడు తీశారు. "నేనే. కరపత్రం నేను రాశాను. మీ నాన్నకి నా చేతిరాత తెలుసు. నేను ఆ మూల కూర్చున్నాను. పక్క గదిలోంచి వినపడుతోంది. నేను మాట్లాడలేదు."

ముప్ఫై మూడేళ్ళ క్రితం ఆ మూలకు, నేను కూర్చున్న చోటుకు మధ్య రెండు బారల దూరం. నా వృత్తిలో అంత పెద్ద వార్త మళ్ళీ నా పక్కన కూర్చోలేదు. ఆ రోజంతా నేను ఆయన్ని అడిగింది ఒక్కటే ప్రశ్న: అన్నా, అగ్గిపెట్టె ఉందా?

సలహాదారు ముఖ్యమంత్రి చెవి దగ్గరికి వంగాడు. ఆయన గుసగుసగానే అన్నాడు. కాలర్ మైకు ఆ సంగతి పట్టించుకోలేదు. నాలుగు స్పీకర్లలోంచి వినపడింది.

"ఆ ముక్క అప్పుడే చెప్పుంటే వాడి మీద మూడోసారి చెయ్యి వేసేవాళ్ళమే కాదు కదా సార్."

టీవీ రిపోర్టర్ చెయ్యెత్తింది. "ఎవరి మీద సార్?"

"నేను వేరే విషయం మాట్లాడుతున్నాను," అన్నాడు సలహాదారు. అది కూడా స్పీకర్లలోంచి వచ్చింది. అప్పుడు ఆయన మైకు చూశాడు.

ముగ్గురు చెప్పినట్టయింది. మూడో ఆధారాన్ని నేను అడగను కూడా లేదు.

ముఖ్యమంత్రి ఎలక్ట్రీషియన్‌ను పిలిచారు. "కింది పలక తీసెయ్."

"స్క్రూడ్రైవర్ బండిలో ఉండిపోయిందండి," అన్నాడు ఎలక్ట్రీషియన్.

తెచ్చేదాకా అందరూ నిలబడ్డారు. ముఖ్యమంత్రి, సలహాదారు, అధికారులు, పార్టీవాళ్ళు, కెమెరాలు. ఎక్కడ చూడాలో తెలియక జనం మిగతా గోడలు చదవడం మొదలుపెట్టారు. నా రాతల్ని అంత శ్రద్ధగా చదివినవాళ్ళను మళ్ళీ చూడలేదు. కండక్టర్ గోడ పక్కనే నిలబడి చేతిగడియారం చూసుకుంది. పలక ఊడి వచ్చాక దాన్ని చేతిలోకి తీసుకుని, తిరగేసి చూసి, డైరెక్టర్‌కు ఇచ్చింది.

"ట్రిప్పు టైమైంది, బాబాయ్," అని వెళ్ళిపోయింది.

నేను బయట వరండాలో టీవీ రిపోర్టర్‌ను పట్టుకున్నాను. "ముఖ్యమంత్రి సరిగ్గా ఏ మాటలన్నారో ఒకసారి చెప్పమ్మా."

"మీరు పక్కనే ఉన్నారు కదా సార్."

"ఉన్నాను. ఇంకొకళ్ళు కూడా చెప్పాలి."

ఆమె రికార్డర్ పెట్టి వినిపించింది. సరిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ టీవీ ముందు ఉంది. నేను నేలవైపు చూస్తున్న దృశ్యం మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. కింద ‘ఉద్వేగానికి లోనైన ఉద్యమకారుడు’ అని రాశారు.

"ఏం వెతుకుతున్నారు అక్కడ?" అంది.

"పెన్ను."

"గుమ్మంలోనే పెట్టానుగా ఇంకోటి, జేబులో వేసుకోమని," అంది.

ఆ తర్వాత తెలిసినవి ఇవి. భద్రతా సలహాదారు ఆ వారమే రాజీనామా చేశారు. లేఖలో చూపిన కారణం అనారోగ్యం. ఏ జబ్బో లేఖలో లేదు. కంపోజిటర్ మృతిపై ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. విచారణ అధికారిని ఇంకా నియమించలేదు. కరపత్రం గురించి శాసనసభలో ప్రతిపక్షం అడిగింది. ముఖ్యమంత్రి లేచి, గోడ దగ్గర చెప్పిన మాటలే చెప్పి కూర్చున్నారు. నిర్బంధ చట్టాన్ని రద్దు చేస్తామని ప్రతిపక్ష నాయకుడు ప్రకటించారు. ఆయన ఫొటో కోసం డైరెక్టర్ నన్ను అడిగాడు, ముందుచూపుతో. మూడో గోడ మీద నా పేరు పక్కన ‘ఉద్యమకారుడు’ అని ఎవరో చేర్చారు. వాన గురించి రాసి సవరించమని రెండు అర్జీలు పెట్టాను. రెండూ ‘చూడడమైనది’ అని తిరిగొచ్చాయి.

శనివారం సాయంత్రం కండక్టర్ వాళ్ళమ్మను తీసుకుని మ్యూజియానికి వచ్చింది. టికెట్ కౌంటర్ మనిషి అక్కర్లేదన్నాడు. ఆమె రెండు టికెట్లు తీసుకుంది. నేను లోపలే ఉన్నాను, కామాలు చూసుకుంటూ. తల్లి నాలుగో గోడకు బాగా దగ్గరగా వెళ్ళి, పలకకు మొహం ఆనించినంత దగ్గర నిలబడి, ఒక కంటితో చదివింది. చాలాసేపు పట్టింది. కూతురు సాయం చేయబోతే వద్దంది.

చదవడం అయ్యాక శీర్షిక మీద చెయ్యి పెట్టింది. "ఇదేమిటి, ‘గెలిస్తే’ అని ఉంది?"

కూతురు నా వంక చూసింది.

"అది నా పొరపాటు, వదినా," అన్నాను. "అది ఉండకూడదు. తీసేయమని చెబుతాను."

"ఇత్తడి మీద చెక్కింది ఎలా తీస్తారు?" అంది ఆమె.

వర్క్‌షాపును అడిగాను. తీయడం కుదరదు, పలక మొత్తం కొత్తగా చేయాలి, దానికి పైనుంచి సంతకం కావాలి అన్నారు. సంతకం కోసం పంపాను.

ఇది రాసే నాటికి పలక గోడ మీదే ఉంది. శీర్షిక కూడా.